మైకులో హేమ్లి కళ్ళు

ఫిబ్రవరి 3, సోమవారం

నా పేరు జంపక్క. బాప్తిస్మం రిజిస్టరులో సారమ్మ అని ఉంటుంది కానీ ఆ పేరు పెట్టి పిలిస్తే నేనే పలకను. వయసు ఆధార్ కార్డులో అరవై ఎనిమిది, నా ఎరుకలో డెబ్బై రెండు. కార్డు రాసినవాడు నన్ను అడగలేదు, ముఖం చూసి వేశాడు. ఆ ఒక్క విషయంలో సర్కారు మీద నాకు కోపం లేదు. మా ఊరు కారేపల్లి నుంచి అడవి వైపు పోయే దారిలో, తండా పక్కన. ఇంట్లో నేను, నా మొగుడు సీతయ్య, రెండు మేకలు. నలుగురిలో ప్రభువును నమ్ముకున్నది నేనొక్కదాన్నే.

ఈ డైరీ లతీఫాది. రోడ్డు మీద బట్టలు కుట్టే దుకాణం ఆమెది. పురుగుమందుల కొట్టువాళ్ళు ఇస్తే కొలతలు రాసుకుందామని దాచుకుంది. నాకు చదువు రాదు. నేను చెప్తాను, మిషను ఆపి లతీఫా రాస్తుంది. చెప్పింది చెప్పినట్టు మాత్రం రాయదు. "కాగితం మీద గట్ల మాట్లాడరు పెద్దమ్మా" అని సాపు చేసి రాస్తుంది. తిట్లు కూడా సాపు చేస్తోందేమోనని నాకు అనుమానం.

రాయించడానికి కారణం ఉంది. నిన్న నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల. రొట్టె పళ్ళెం నా వరుసలోకి వచ్చింది. పాస్టర్ రాజేష్ అయ్యగారు నన్ను దాటించి పక్కావిడకు ఇచ్చారు. ముప్పై ఏళ్ళలో ఇలా జరగడం ఇదే మొదలు. హేమ్లితో నేను సమాధానపడలేదట. మా సంఘంలో పద్ధతి అది. ఎవరితోనైనా తగువుంటే ముందు వాళ్ళ గడప ఎక్కి సమాధానపడాలి, ఆ తర్వాతే బల్ల. పద్ధతి మంచిదే. ఆ పద్ధతి పేరు చెప్పి నేనే ఎంతమందిని ఆపించానో. కానీ అది మనలో మనకు. హేమ్లి మన సంఘం మనిషి కాదు, తండా మనిషి, సేవాలాల్‌కు మొక్కుకునేది. ఆమెతో తగువుకూ నా బల్లకూ ఏం సంబంధం?

మార్చి ఒకటిన సంఘ పెద్దలు కూర్చుంటారు. ఆ రోజుకు నా వైపు మాట కాగితం మీద ఉండాలి. నా తప్పేమీ లేదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

జరిగింది జరిగినట్టు చెప్తాను.

పోయిన నవంబరులో రాజేష్ అయ్యగారు శిష్యత్వ తరగతి పెట్టారు. వైరా నుంచి వచ్చిన పిల్లవాడు, ముప్పై ఏళ్ళుంటాయి, మంచివాడే, చొక్కా నలగదు. నమ్మి ఊరుకుంటే చాలదు, శిష్యులు కావాలి అన్నారు. ఒక్కొక్కరం బయటివాళ్ళలో ఒకరిని ఎంచుకోవాలి, వాళ్ళ మంచీ చెడ్డా చూడాలి, ప్రభువు సంగతి చెప్పాలి. ఆదివారం మైకు ముందుకు వచ్చి ఆ వారం ఏం జరిగిందో సాక్ష్యం ఇవ్వాలి.

ఆటో నడిపే రాంబాబు ఒకరిని ఎంచుకోలేదు, రోడ్డునే ఎంచుకున్నాడు. ఆటోలో వాక్యం పెడతాడు, ఎక్కిన ప్రతివాడినీ సువార్త విన్నవాడి కింద కలుపుకుంటాడు. వారానికి నలభై మంది, యాభై మంది. ఆటోలో కూర్చున్నవాడు దిగేదాకా ఎక్కడికి పోతాడు? మందిరంలో మైకుసెట్టు చూసేది కూడా అతనే.

నేను హేమ్లిని ఎంచుకున్నాను. మిర్చి చేలో మా ఇద్దరి సాళ్ళు ఎప్పుడూ పక్కపక్కనే. పాపం గురించి నేను మొదలుపెడితే ఆమె శ్రద్ధగా విని, "అవ్ జంపక్కా, పోయినేడు మా కోడి కాలు ఇరగ్గొట్టినవ్ సూడు, గట్లాంటిదేనా?" అనేది. అలా పది వారాలు గడిచాయి.

హేమ్లికి చూపు పోతోంది. కుడి కన్ను పూర్తిగా, ఎడమది సగం. అయినా కాయ ఏరేది. ఎర్రకాయ వేలికి మెత్తగా తగులుతుంది, పచ్చిది బిరుసుగా ఉంటుంది. హేమ్లికి వేళ్ళే కళ్ళు. ఎప్పుడైనా పచ్చికాయ పడితే మేస్త్రి వచ్చేలోపు నేను ఆమె గంపలోంచి తీసి నా ఒళ్ళో వేసుకునేదాన్ని. ఈ సంగతి ఆమె కొడుకు ధన్‌సింగ్‌కు కూడా తెలియదు. నాకొక్కదానికే చెప్పింది.

జనవరి 26న సాక్ష్యాల వేళ నా పేరు పిలిచారు. నేను లేచి, తండా హేమ్లికి కళ్ళు పోతున్నాయి, మనుషులను గొంతును బట్టి పోల్చుకుంటోంది, ఆమె కోసం ప్రార్థన చేయండి అన్నాను. అంతే. మందిరం మీద నాలుగు మైకు హారన్లున్నాయి. తండాకు కూడా సువార్త వినపడాలని ఒకదాన్ని అటు తిప్పించాం. సువార్త సంగతి తెలియదు కానీ ఇది మాత్రం బాగా వినపడింది.

తెల్లవారి మేస్త్రి హేమ్లిని చేను గట్టు మీది నుంచే తిప్పి పంపాడు. కళ్ళు కనపడని ముసలిదానికి పచ్చికాయేదో ఎర్రకాయేదో ఏం తెలుస్తుందన్నాడు. ధన్‌సింగ్ ఆమెను పొయ్యి దగ్గరికి కూడా పోనివ్వడం లేదట. ఆ రోజు నుంచి హేమ్లి నాతో మాట్లాడలేదు.

నేను చెప్పిందాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. సౌండు పెంచింది రాంబాబు. హారను తిప్పించింది సంఘం. నా తప్పేమీ లేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

కాయ ఏరాను. పక్క సాలులో ఎవరో కొత్త పిల్ల, ఫోనులో పాటలు పెట్టుకుని ఏరుతుంది. చెప్పడానికి ఏమీ లేదు.

ఫిబ్రవరి 8, శనివారం

ముప్పై ఏళ్ళుగా సీతయ్య కోసం ప్రార్థిస్తున్నాను. ముప్పై ఏళ్ళుగా ఆయన ముత్యాలమ్మకు కోడిని పట్టుకుపోతున్నాడు. ఇద్దరం పట్టుదల మనుషులం. ఈ రోజు పళ్ళెం ముందు కూర్చుని అడిగాడు:

"ఏమే, నీ దేవునికి చెవుడా?"

"నోరు మంచిగ పెట్టు."

"తెల్వక అడుగుత. మెల్లగ చెప్తే ఇనడా? నాలుగు హారన్లు గావాల్నా? నేను ముత్యాలమ్మకు గుసగుస చెప్పుకుంట, ఊర్ల ఒక్కనికి తెల్వది."

"ముత్యాలమ్మకు చెప్పినవన్నీ కల్లు మండువల మళ్ళొకసారి చెప్తవ్ గద!"

ఆయన చారు పోసుకుని తిన్నాడు. నేను గెలిచాను.

"గెలిచినట్టే రాయాల్నా పెద్దమ్మా?" అంది లతీఫా. రాయి అన్నాను.

ఫిబ్రవరి 10, సోమవారం

హేమ్లి ఇంటికి వెళ్ళాను. సమాధానం కోసం కాదు, పెరట్లో వంకాయలు ఎక్కువ కాశాయి కాబట్టి. అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నా అడుగు చప్పుడుకు తలెత్తింది.

"ఎవరూ?"

నా అడుగు ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది.

"నేనే, జంపక్కను."

"మైకేదీ? ఇంట్ల మరిచిపోయినవా?"

"వంకాయలు తెచ్చిన."

"ఆడ పెట్టు. ఎన్ని తెచ్చినవో వచ్చే ఐతారం చెప్పు, అందరు చప్పట్లు కొడ్తరు."

"హేమ్లీ, నీ మంచికే చెప్పిన. ప్రార్థన చేయించిన."

"చేసిండ్రా?"

"చేసిండ్రు. అందరు లేచి నిలబడి చేసిండ్రు."

"మంచిది. తెల్లారే మేస్త్రి ఇంటికి తోలిండు. మీ ప్రార్థన జల్దీ పని చేస్తది."

వంకాయలు పెట్టి వచ్చాను. నా బాధ్యత తీరింది. నేను గడప ఎక్కాను, ఆమే వినలేదు. నా తప్పేమీ లేదు. లతీఫా, ఇది పెద్ద అక్షరాలతో రాయి.

ఫిబ్రవరి 13, గురువారం

తరగతి అయ్యాక అయ్యగారిని పట్టుకున్నాను.

"అయ్యగారూ, పోయి వచ్చిన. వంకాయలు గూడ ఇచ్చిన. ఇగ బల్ల ఇయ్యాలె."

"ఆమె క్షమించిందా అమ్మగారూ?"

"మాట్లాడింది."

"ఏమన్నది?"

"మైకేదని అడిగింది."

నవ్వు ఆపుకోవడానికి ఆయన బైబిలు తెరిచారు. నేను చూశాను.

"క్షమించమని మీరు అడిగారా?"

"పేరు పెట్టి ప్రార్థించాలె అని మీరే గద నేర్పింది?"

"దేవుడి దగ్గర పేరు పెట్టమన్నానమ్మా. మైకు దగ్గర కాదు."

ఆ తేడా నవంబరులోనే చెప్పి ఉండాల్సింది. ఆయనకూ అలాగే అనిపించినట్టుంది. "నా తప్పు కూడా ఉంది. వారం వారం అందర్నీ మైకు ముందు నిలబెట్టాను" అన్నారు. ఈ మాట పెద్దల ముందు పనికొస్తుంది, ఉండనీ.

"మరి మన సంఘం మనిషి కానిదానితో నాకు సమాధానమేంది?" అన్నాను.

"కాదు కాబట్టే ముందు వెళ్ళాలి అమ్మగారూ. ఆమె బైబిలు చదవదు. యేసు ఎలాంటివాడో మిమ్మల్ని చూసే తెలుసుకోవాలి."

"ఆమెకు కండ్లే లేవు, ఏం సూస్తది" అన్నాను.

అన్నాక నాకే బాగాలేదు. లేచి వచ్చేశాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఒళ్ళు వెచ్చగా ఉంది. పనికి పోలేదు. తండా నుంచి ఎవరూ రాలేదు. రావాలని కాదు.

ఫిబ్రవరి 17, సోమవారం

నా తప్పేమీ లేదు అని మొదలుపెట్టబోతే లతీఫా పెన్నుకు మూత పెట్టింది.

"ఇప్పటికి మూడుసార్లు రాసిన. ఇంకోసారి రాస్తే నాకే అనుమానమొస్తది పెద్దమ్మా."

"రాయమన్నది రాయి బిడ్డా."

"ఒక్కటి చెప్పు. కండ్లు బాగుపడాలనే అయితే ఇంట్ల కూసొని ప్రార్థన చేస్తే చాలు. ఎన్నో నెలల సంది కడుపుల పెట్టుకున్నదానివి, ఆ ఐతారమే ఎందుకు చెప్పినవ్?"

మిషను మీద ఎవరిదో రవిక సగం కుట్టి ఉంది. దాని దారం ఒకటి లాగుతూ చెప్పాను.

ఆ ఆదివారం నాకంటే ముందు రాంబాబు లేచి తొంభై అని చెప్పాడు. అది జాతర జరిగిన వారం. తర్వాత నా పేరు పిలిచారు. పది వారాలుగా నేను చెప్తున్నది ఒకటే మాట, హేమ్లి వింటోంది, ప్రార్థించండి అని. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. మైకు చేతిలో ఉంది. చెప్పడానికి ఏదో ఒకటి కావాలి. నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే బరువైనది అదే. తీసి ఇచ్చేశాను. అందరూ అయ్యో అన్నారు. ఇద్దరు ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నాకు బాగుంది.

ఇది రాయొద్దు అన్నాను. రాసింది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఈసారి ఏమీ పట్టుకుపోలేదు.

"హేమ్లీ, తప్పయింది."

"ఏది తప్పు?"

"నీ కండ్ల సంగతి చెప్పుడు."

"ఎందుకు చెప్పినవ్?"

చెప్పాను. రాంబాబు తొంభై సంగతి, కిసుక్కుమన్న సంగతి, నాకు బాగున్న సంగతి కూడా. ఆమె నవ్వింది. మంచి నవ్వు కాదు.

"ఆటోవోనితోని పోటీకి నా కూలి ఊడగొట్టినవ్. సరే. కండ్లు పోయినయని ఊరందరికి చెప్పినవ్. తప్పయిందని ఈడ అరుగు మీద గొణుగుతున్నవ్."

"మైక్ల చెప్పమంటవా? హేమ్లి కండ్ల గురించి చెప్పుడు తప్పని చెప్త."

"మళ్ళ నా కండ్లేనా? వాటిని ఇడిసిపెట్టు. నీ సంగతి చెప్పు."

"నా సంగతేంది?"

"చలిజరం."

ధన్‌సింగ్ లోపల ఉన్నాడేమోనని గుమ్మం వైపు చూశాను.

మా సంఘంలో నా సాక్ష్యానికి పేరుంది. ముప్పై ఏళ్ళ కింద చలిజ్వరంతో పోవలసిన జంపక్క మందు ముట్టకుండా, ఒక్క ప్రార్థనతో లేచి కూర్చుంది. ఏటా ఉజ్జీవ కూడికల్లో చెప్తాను, జనం ఏడుస్తారు. జరిగింది వేరు. హేమ్లీ ఆమె మొగుడూ ఎడ్లబండి కట్టి నన్ను కారేపల్లి దవాఖానాకు తీసుకుపోయారు. అక్కడ సూదులు వేశారు. నేను లేచేదాకా హేమ్లి నా మంచం కిందే పడుకుంది. అప్పటి పాత అయ్యగారు అక్కడికే వచ్చి ప్రార్థన చేశారు, అదీ నిజమే. బాప్తిస్మం తీసుకున్న ఏడాది సాక్ష్యంలో సూదులన్నీ చెప్పాను. మరుసటి ఏడాది ఒక్క సూది అన్నాను. మూడో ఏటికి దవాఖానా లేదు. బండి లేదు. హేమ్లి లేదు. వదిలేసిన కొద్దీ జనం ఎక్కువ ఏడ్చారు.

"హారను మా దిక్కే ఉంటది గద, ఏటేట ఇంటున్న" అంది హేమ్లి. "మా ఆయన బతికున్నప్పుడు అడిగేటోడు, మన ఎడ్లు ఎటుపాయెనే ఈ కథల, అని. ఊకో అనేదాన్ని. నీ ఇజ్జత్ అని ఎవ్వరికీ చెప్పలే. నువ్వు నాది ఒక్క ఏడు దాచలేకపోయినవ్."

ఫిబ్రవరి 22, శనివారం

అది కుదరదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

రాంబాబు అరవై రెండు. నేను లేవలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

అది కుదరదు. వచ్చే నెలాఖరుకు ఉజ్జీవ కూడికలున్నాయి. అప్పుడే నా బొమ్మతో రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టారు. "మందు లేకుండా మరణాన్ని జయించిన సహోదరి సారమ్మ" అని ఉందని లతీఫా చదివి చెప్పింది. అలాంటిదే చిన్నది రాంబాబు ఆటో వెనక అంటించాడు. పళ్ళు లేని నోరు తెరిచి నవ్వుతూ రోజుకు ఆరుసార్లు కారేపల్లి దాకా పోయి వస్తున్నాను.

ఫిబ్రవరి 27, గురువారం

సీతయ్యను అడిగాను.

"చలిజరమొచ్చినప్పుడు నన్ను దవాఖానాకు తీస్కపోయింది నీకు యాదికున్నదా?"

"ఆడ ఎడ్లకు నీళ్ళు పెట్టింది నేనే గదనే."

"మరి నేను గట్ల చెప్తుంటే ఎన్నడు ఏమనలే?"

"ఏమంట? అందరు ఏడుస్తున్నరు, నువ్వు మంచిగ చెప్తున్నవ్." కాసేపు మేకను గోకుతూ కూర్చున్నాడు. "నీ దేవుడు మంచోడే కావొచ్చు. నాకు ఎర్కున్న ఒక్క సంగతి నువ్వు అబద్ధం చెప్తివి. ఎర్కలేనివి ఎట్ల నమ్మాలె?"

ముప్పై ఏళ్ళుగా ఈయన మనసు ఎందుకు కరగడం లేదని ప్రభువును నిలదీస్తున్నాను.

తరగతికి పోలేదు.

మార్చి 1, శనివారం

పెద్దలు కూర్చున్నారు. ఈ డైరీ ఒళ్ళో పెట్టుకుని పోయాను. నీ మాట ఏమిటన్నారు. డైరీ ఇవ్వలేదు. రేపు మైకు ఐదు నిమిషాలు కావాలి, నా స్వస్థత సాక్ష్యం చెప్తాను అన్నాను. పెద్దలు సంతోషించారు. కూడికలకు ముందు ఒకసారి చెప్పి చూసుకుంటే మంచిదే అన్నారు. అయ్యగారు ఒక్కరే నా ముఖం వైపు చూస్తూ ఊరుకున్నారు.

మార్చి 2, ఆదివారం

బల్లకు ముందు పిలిచారు. ఇలా చెప్పాను. లతీఫా, ఇది మాత్రం సాపు చెయ్యకు.

"నేను జంపక్కను. చలిజరమొస్తే మందు ముట్టలేదని ఏటేట మీకు చెప్పిన. అబద్ధం. కారేపల్లి దవాఖానల ఏడు సూదులు ఏసిండ్రు. నన్ను బండి మీద తీస్కపోయింది తండా హేమ్లి, ఆమె పెనిమిటి. నా మంచం కింద పండుకున్నది హేమ్లి. ప్రభువు నన్ను బతికిచ్చిండన్నది అబద్ధం కాదు. హేమ్లి లేదన్నది అబద్ధం. నా గొప్పకోసం అప్పుడు ఆమెను కథలకెళ్ళి తీసేసిన, మొన్న నా గొప్పకోసమే ఆమె కండ్లు మైక్ల పెట్టిన."

రాంబాబు సౌండు మీద చెయ్యి వేశాడు. అయ్యగారు చెయ్యెత్తి ఆపారు.

"తగ్గియ్యకు రాంబాబూ, పెంచు. తండాకు ఇనపడాలె" అన్నాను.

ఎవరూ ఏడవలేదు. ఎవరూ ఆమెన్ అనలేదు. ఒక పెద్దమనిషి మాత్రం, మరి ఫ్లెక్సీ ఏం చేద్దామని అడిగాడు.

పెద్దలు గోడ పక్కకు పోయి మాట్లాడుకుని వచ్చారు. పళ్ళెం నా వరుసలోకి వచ్చింది, మళ్ళీ నన్ను దాటింది. దేవుని మందిరంలో అబద్ధ సాక్ష్యం చెప్పినందుకు మూడు నెలలు క్రమశిక్షణట. అబద్ధం చెప్పిన ముప్పై ఏళ్ళూ రొట్టె ఇచ్చారు. నిజం చెప్పిన పూట ఆపారు. కేసు పెట్టదలిస్తే ఇప్పుడు పెట్టాలి నేను.

అయ్యగారు అందరికీ పంచి, తన ముక్క తినకుండా పళ్ళెంలోనే ఉంచి గుడ్డ కప్పారు. పెద్దలెవరూ గమనించలేదు.

బయటికి వచ్చి తండా వైపు చెవి పెట్టాను. ఏ చప్పుడూ లేదు.

మార్చి 3, సోమవారం

తండా నుంచి ఏమీ లేదు.

మార్చి 4, మంగళవారం

లేదు.

మార్చి 5, బుధవారం

లతీఫా దుకాణం ముందు ధన్‌సింగ్ బండి ఆగింది. వెనక హేమ్లి. గుమ్మం తడుముకుంటూ లోపలికి వచ్చి నా పక్కనే కూర్చుంది.

"నా మీద పుస్తకం రాయిస్తున్నవంట. సదివియ్యి. నేను లేనప్పుడు ఏమేం అన్నవో ఇంట."

లతీఫా నా వైపు చూసింది. చదువు అన్నాను. మొదటి అక్షరం నుంచి చదివింది. పాస్టరు అయ్యగారితో నేను హేమ్లి కళ్ళ గురించి అన్న మాట దగ్గర ఒక వరస దాటేసింది. హేమ్లి వెంటనే పట్టుకుంది.

"ఏదో మింగినవ్ బిడ్డా. మళ్ళ సదువు."

చదివింది. నేను నేల వైపు చూస్తూ కూర్చున్నాను. హేమ్లి చివరిదాకా విన్నది. ఒకచోట కూడా నవ్వలేదు, సీతయ్య ఎడ్లకు నీళ్ళు పెట్టానన్న చోట తప్ప.

"అయిందా?"

"అయింది."

"ఏడు కాదు" అంది.

"ఏంది?"

"సూదులు. ఏడంట ఏడు! తొమ్మిది. నువ్వు ఒర్లుతుంటే కాళ్ళు అదిమి పట్టుకున్నది నేను, నాకు ఎర్కలేదా? నిజం చెప్తనని మైకు పట్టుకొని మళ్ళ రెండు మింగినవ్."

"నాకు యాదికి లేదే."

"నాకున్నది. దిద్దియ్యి."

మైకులో అన్నది అలాగే ఉంచి, చివర్న దిద్దించాను. అప్పుడు ఆమె చెయ్యి చాపింది, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చూపించమని. లతీఫాకు కాదు, నాకు చాపింది. పట్టుకున్నాను.

మిర్చి ఏరడం ఇంకా పది రోజులుంది. మేస్త్రి హేమ్లిని పిలవలేదు, పిలవడు. నేను ఎన్ని హారన్లలో ఎన్ని నిజాలు చెప్పినా ఆ కూలి తిరిగి రాదు. అది కూడా రాయించాను.

పైనదంతా నా నోటితో చెప్పాను, లతీఫా రాసింది, హేమ్లి పూర్తిగా విన్నది. పెద్దలకు ఇవ్వడం లేదు. సూదులు తొమ్మిది.

జంపక్క, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
హేమ్లి, తండా, వేలిముద్ర
లతీఫా, టైలరు, సంతకం